తిరిగే పాత్రలో నీళ్లు: ఆకారం సరే, సమయం మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఇంజనీరింగ్ విద్యార్థులు ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ద్రవ ప్రవాహాల సిమ్యులేషన్ ప్రాజెక్టు చేసుకోవచ్చని మీ విద్యా పేజీలో వచ్చిన వ్యాసం చూశాం. సలహా మంచిదే. అలాంటి సాఫ్ట్‌వేరైన ఓపెన్‌ఫోమ్ 2004 డిసెంబరు నుంచి పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. హైదరాబాద్ విద్యార్థికి ఎలా పనిచేస్తుందో పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉన్నవాడికీ అలాగే పనిచేస్తుంది. ఉదాహరణకు ఎత్తుకున్న సమస్య, గిరగిరా తిరిగే గుండ్రటి పాత్రలో నీటి కదలిక, అదీ చక్కటి ఎంపికే. మా పేచీ ఒక్క మాటతోనే. నీటి పైభాగం మధ్యలో గుంటపడి అంచుల దగ్గర లేస్తే సిమ్యులేషన్ సరిగ్గా వచ్చినట్టేనని రాశారు. ఆ గుంట అచ్చు గుద్దినట్టు వచ్చినా లోపలి లెక్క తప్పయి ఉండొచ్చు. ప్రాజెక్టుల కాలం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం, నిడివికి మన్నించాలి.

ముందు అంకెలు. లోపలి వ్యాసార్ధం 10 సెంటీమీటర్లున్న సిలిండర్ పాత్ర, అందులో 10 సెంటీమీటర్ల లోతున నీళ్లు, అంటే 3.14 లీటర్లు. వేగం నిమిషానికి 60 చుట్లు. కోణీయ వేగం సెకనుకు 6.283 రేడియన్లు, అంచు దగ్గర వేగం సెకనుకు 62.8 సెంటీమీటర్లు. నీళ్లన్నీ పాత్రతో పాటు ఒకే ముద్దగా తిరగడం మొదలయ్యాక అంచుకూ మధ్యకూ ఎత్తులో ఎంత తేడా వస్తుందో కట్టడం తేలిక. అంచు వేగాన్ని వర్గం చేసి, గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే 2.01 సెంటీమీటర్లు వస్తుంది. అందులో సగం మధ్యలో దిగుతుంది, సగం అంచున లేస్తుంది. పరావలయ గుంట ఘనపరిమాణం దాన్ని చుట్టిన సిలిండర్‌లో సరిగ్గా సగం ఉండటమే దానికి కారణం. 120 చుట్లకు పెంచితే తేడా నాలుగు రెట్లై 8.05 సెంటీమీటర్లవుతుంది, అంచు దగ్గర నీళ్లు 14 సెంటీమీటర్లు దాటతాయి. పాత్ర ఎత్తు కనీసం 15 ఉండాలి.

ఈ సూత్రంలో ద్రవం సాంద్రత లేదు, స్నిగ్ధతా (ద్రవం పొరల మధ్య ఘర్షణ, అంటే చిక్కదనం) లేదు. నీళ్లయినా, ఆముదమైనా, పాదరసమైనా చివరికి అదే వంపు. నైనితాల్ దగ్గర దేవస్థల్‌లో 2022లో తొలిసారి ఆకాశాన్ని చూసిన 4 మీటర్ల ద్రవ దర్పణ టెలిస్కోప్ దీని మీదే ఆధారపడింది. అందులో పాదరసం పళ్లెం సుమారు 8 సెకన్లకో చుట్టు తిరుగుతుంది, నాభ్యంతరం 8 మీటర్లు. గురుత్వ త్వరణాన్ని కోణీయ వేగం వర్గానికి రెట్టింపుతో భాగించి చూడండి, సరిపోతుంది.

స్నిగ్ధత ఊసే లేని జవాబును చూసి, స్నిగ్ధతను లెక్కగట్టాల్సిన ప్రోగ్రామ్ బాగా పనిచేసిందని ఎలా అంటాం? మెష్ (పాత్రను సెల్స్ అనే చిన్న చిన్న గళ్లుగా విడగొట్టే వల) ముతకగా ఉన్నా, గోడ పక్క సెల్ పెద్దదైనా, స్నిగ్ధత వంద రెట్లు తప్పుగా ఇచ్చినా చివరికి వచ్చేది ఆ 2 సెంటీమీటర్లే. కదలకుండా ఉన్న నీళ్లు ఆ స్థితికి చేరడానికి ఎంతసేపు పట్టింది అన్నదే అసలు పరీక్ష.

పక్క గోడ ఒక్కటే నీళ్లను తనతో లాక్కుపోవాలంటే ఆ లాగుడు పొర నుంచి పొరకు స్నిగ్ధత ద్వారా పాకాలి. మన పాత్రలో అలాగైతే పాత్ర వేగానికీ నీటి వేగానికీ ఉన్న తేడా 37 శాతానికి తగ్గడానికే 11 నిమిషాలు దాటుతుంది. నిజంగా అంత పట్టదు, ఎందుకంటే పనంతా చేసేది పాత్ర అడుగు. అడుగును అంటిపెట్టుకున్న పలుచటి పొర పాత్రతో పాటు తిరిగి బయటికి విసిరేయబడుతుంది. ఖాళీ అయిన చోటికి పైనుంచి నీళ్లు దిగుతాయి. బయటికి పోయినవి గోడ వెంట పైకెక్కి, తిప్పుడును వెంటబెట్టుకుని లోపలికి వస్తాయి. ఈ పొర మందం స్నిగ్ధతను (ఇక్కడా, కింది సూత్రాల్లోనూ సాంద్రతతో భాగించిన కైనమాటిక్ స్నిగ్ధత) కోణీయ వేగంతో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది. 20 డిగ్రీల నీటికి, 60 చుట్లకు అది 0.4 మిల్లీమీటర్. గోరు మందమంత పొర మూడు లీటర్ల నీళ్లను తిప్పుతోందన్నమాట. స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ 1905లో సముద్ర ప్రవాహాల గురించి రాస్తూ ఈ పొరను లెక్కగట్టాడు కాబట్టి ఆయన పేరే దానికి నిలిచింది.

పట్టే సమయానికీ తేలికైన సూత్రమే ఉంది. స్నిగ్ధతను కోణీయ వేగంతో గుణించి వర్గమూలం తీసి, దానితో నీటి లోతును భాగించాలి. మన పాత్రకు 40 సెకన్లు. దీన్ని రెండు విధాలుగా వాడుకోవచ్చు. మొదటిది, ముందే 60 చుట్ల దగ్గర స్థిరపడ్డ పాత్రను 63కు పెంచడం. కొత్త వేగానికీ నీటి వేగానికీ ఉన్న తేడా 40 సెకన్లలో 37 శాతానికి, 80 సెకన్లలో 14 శాతానికి పడిపోవాలి. గ్రీన్‌స్పాన్, హోవార్డ్ 1963లో తేల్చిన ఫలితమిది. రెండోది, కదలని నీళ్లున్న పాత్రను ఒక్కసారిగా 60 చుట్లకు తేవడం. వెడెమయర్ 1964లో చూపినట్టు ఇక్కడ నీళ్లన్నీ కలిసి మెల్లగా వేగం అందుకోవు. బయట తిరిగే వలయం, లోపల కదలని నడిమి భాగం, రెంటికీ నడుమ లోపలికి జరిగే సరిహద్దు ఉంటాయి. ఆ సరిహద్దు వ్యాసార్ధం 40 సెకన్లకు సుమారు 6.4, 80 సెకన్లకు 4.1, 120 సెకన్లకు 2.6 సెంటీమీటర్లు. స్నిగ్ధత వల్ల అది కత్తితో కోసినట్టు కాక కాస్త పులుముకుపోయి కనిపిస్తుంది. ఈ మూడు అంకెలు రాని సిమ్యులేషన్‌లో గుంట ఎంత అందంగా ఉన్నా మేం నమ్మం.

ఇక చేసే పద్ధతి. మొదటి రోజే నీళ్లు, గాలి రెండూ పెట్టి పైతలం గుంటపడటాన్ని చూడాలని దిగేవాళ్లే ఎక్కువ. అది వద్దు. రెండు పరీక్షలనూ విడదీయండి.

సమయం పరీక్షకు గాలి అక్కర్లేదు. 10 సెంటీమీటర్ల దగ్గర పైభాగాన్ని ఘర్షణ లేని చదును తలంగా పెట్టి నీళ్లొక్కటే తీసుకోండి. పాత్ర అక్షం చుట్టూ అన్ని వైపులా ఒకేలా ఉంది కనుక మొత్తం సిలిండర్ కూడా వద్దు, 5 డిగ్రీల వెడ్జ్ (కేకు ముక్కలాంటి సన్నటి భాగం), తిరిగే దిశలో ఒక్క సెల్ చాలు. అడుగున మొదటి సెల్ 0.04 మిల్లీమీటర్, పైకి పోయేకొద్దీ 1.12 రెట్ల చొప్పున పెంచుతూ పోతే 28 సెల్స్‌కు సుమారు 8 మిల్లీమీటర్ల ఎత్తు వచ్చేసరికి సెల్ ఒక మిల్లీమీటర్ అవుతుంది. అక్కడి నుంచి పైదాకా మిల్లీమీటర్ చొప్పునే. వ్యాసార్ధం వెంట 80 సెల్స్, పక్క గోడ దగ్గర మొదటిది 0.2 మిల్లీమీటర్. మొత్తం పది వేల లోపే, మామూలు ల్యాప్‌టాప్ భరిస్తుంది. ఒకే బ్లాకులో ఆ రేటున పైదాకా పెంచుకుంటూ పోతే మాత్రం పైనున్న సెల్ సెంటీమీటర్ దాటిపోతుంది, అందుకే రెండు బ్లాకులు. టైమ్ స్టెప్ 0.005 సెకన్లు పెట్టి 300 సెకన్ల దాకా నడపండి. వేగాల లెక్కకు ముతక పద్ధతి అయిన ఫస్ట్ ఆర్డర్ అప్‌విండ్ వాడకండి. అది తెచ్చిపెట్టే దొంగ స్నిగ్ధత అసలు స్నిగ్ధతను మింగేస్తుంది. లీనియర్ అప్‌విండ్ చాలు. ఫ్లూయెంట్ (ఇదే పని చేసే మరో సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ప్రెజర్ స్కీముగా ప్రెస్టో ఎంచుకోవాలి. ఒకసారి జవాబు వచ్చాక అడుగు సెల్స్‌ను సగానికి తగ్గించి మళ్లీ నడపండి. సరిహద్దు చోటు కదలకపోతేనే మెష్ సరిపోయినట్టు. మొదటి సెల్ 2 మిల్లీమీటర్లు పెట్టినవాళ్లకు 0.4 మిల్లీమీటర్ పొర మొత్తం ఒకే సెల్‌లో ఇమిడిపోయి, సమయం ఎటు పడితే అటు పోతుంది.

ఆకారం పరీక్షకు గాలి, నీళ్లు రెండూ కావాలి. కానీ ఇక్కడ ద్రవం నీళ్లే కానక్కర్లేదు. జవాబు స్నిగ్ధత మీద ఆధారపడదు కాబట్టి స్నిగ్ధతను వంద రెట్లు పెంచేయండి. పొర 4 మిల్లీమీటర్లవుతుంది, కాబట్టి మిల్లీమీటర్ సెల్ చాలు. 40 సెకన్ల పని 4 సెకన్లలో అవుతుంది. తలతన్యతను సున్నా చేయండి. ఈ పరిమాణం పాత్రలో దాని ప్రభావం గోడ పక్కన రెండు మూడు మిల్లీమీటర్ల మేరే. ఉంచితే మాత్రం పైతలం దగ్గర లేని సుడులు పుట్టుకొస్తాయి, టైమ్ స్టెప్ కూడా చిన్నది చేయాల్సి వస్తుంది. పైతలం దగ్గర కూరాంట్ సంఖ్య (ఒక్క టైమ్ స్టెప్‌లో ప్రవాహం ఎన్ని సెల్స్ దాటుతుందో చెప్పేది) 0.5 దాటనివ్వకండి, 0.2 అయితే ఇంకా మంచిది. నీటి భిన్నం (సెల్‌లో నీళ్లు ఎన్నో వంతో చెప్పేది) 0.5 ఉన్న గీతను తీసి, మధ్యలో 9, అంచున 11 సెంటీమీటర్లు వచ్చిందో లేదో చూస్తే సరి.

ఎక్కువగా చెడేది తిప్పుడు చెప్పే దగ్గరే. గుండ్రటి పాత్రకు మెష్‌ను తిప్పాల్సిన పనే లేదు. మెష్ కదలకుండా ఉంచి గోడకూ అడుగుకూ రొటేటింగ్ వాల్ వెలాసిటీ ఇస్తే చాలు: అక్షం, మూలబిందువు, కోణీయ వేగం. ఈ మూడో దగ్గర రేడియన్లు అడిగిన చోట చుట్లు రాసేస్తారు. 60 అని కొడితే వేగం 9.55 రెట్లు, గుంట 91 రెట్లు. 2 సెంటీమీటర్లు 1.83 మీటర్లై నీళ్లన్నీ పైకప్పుకు కొట్టుకుంటాయి. ఈ తప్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి నయమే.

కనిపించనివి వేరే ఉన్నాయి. కొందరు తిరిగే ఫ్రేమ్ వాడతారు, అంటే పాత్రతో పాటు తిరుగుతూ చూడటం. అందులో కొరియోలిస్, అపకేంద్ర బలాలను ప్రోగ్రామే కలుపుకుంటుంది. అప్పుడు గోడ వేగం ఆ ఫ్రేమ్‌కు సాపేక్షంగా సున్నా. దాని మీద మళ్లీ గోడకూ 6.283 ఇస్తే తిప్పుడు రెండింతలవుతుంది, గుంట 8 సెంటీమీటర్లు వస్తుంది. ఇంకో చిక్కు, తిరిగే ఫ్రేమ్‌లో మొదట్లో నీటి వేగం సున్నా అని పెట్టడం. తిరిగే ఫ్రేమ్‌లో సున్నా అంటే నీళ్లు అప్పటికే పాత్రతో సమానంగా తిరుగుతున్నట్టు. రెసిడ్యువల్స్ (లెక్కలో ఇంకా మిగిలిన తేడాలు) చకచకా పడిపోతాయి, విద్యార్థి కన్వర్జ్ అయిందని, అంటే లెక్క కుదురుకుందని సంబరపడతాడు. నిజానికి లెక్క మొదలే కాలేదు. కదలని నీళ్లతో మొదలుపెట్టాలంటే ఆ ఫ్రేమ్‌లో ప్రతి సెల్‌కూ ఎదురు దిశలో, కోణీయ వేగాన్ని వ్యాసార్ధంతో గుణించినంత వేగం ఇవ్వాలి. ఫ్లూయెంట్‌లో యాక్సిసిమెట్రిక్ స్విర్ల్ ఎంచుకుంటే అక్షం ఎక్స్ రేఖ మీదే ఉండాలి. అలవాటు కొద్దీ గురుత్వాన్ని వై దిశలో ఉంచేస్తే నీళ్లు అడుగుకు కాక అక్షం వైపు పడతాయి.

టర్బులెన్స్ (అల్లకల్లోల ప్రవాహం) మోడల్ మరో ఉచ్చు. రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నిలకడగా ఉంటుందో అల్లకల్లోలం అవుతుందో సూచించే అంకె) కట్టమంటే పాత్ర వ్యాసార్ధంతో కడతారు, 62,800 వస్తుంది. అమ్మో అని కె-ఎప్సిలాన్ అనే టర్బులెన్స్ మోడల్ నొక్కుతారు. ఇక్కడ చూడాల్సింది పొర సంగతి. అంచు దగ్గర వేగాన్ని పొర మందంతో గుణించి స్నిగ్ధతతో భాగిస్తే 250 వస్తుంది. తిరిగే పళ్లెం మీది పొరలో అలలు పెరగడం మొదలయ్యేది సుమారు 285 దగ్గర. అంటే 60 చుట్లకు అది నిలకడ పొరే, లామినార్ (నిలకడ ప్రవాహం) అనే నడపాలి. 120 చుట్లకు 354 అవుతుంది, అందుకే మొదటి ప్రయత్నానికి 60 అన్నాం. కె-ఎప్సిలాన్ పెట్టిన లెక్కలో నీళ్లు నాలుగైదు సెకన్లకే పాత్ర వేగం అందుకుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, మోడల్ తెచ్చిన కృత్రిమ స్నిగ్ధత వంద రెట్లుంటే సమయం పదో వంతే.

ఇంకో తనిఖీ. చదును పైతలం లెక్కలో నీళ్లు పూర్తిగా తిరిగేసరికి కోణీయ ద్రవ్యవేగం ఎస్‌ఐ ప్రమాణాల్లో 0.0987 ఉండాలి. గోడ, అడుగు కలిసి ఇచ్చిన టార్క్‌ను సమయం పొడవునా కూడితే అదే రావాలి. 5 డిగ్రీల వెడ్జ్‌లో వచ్చేది అందులో 72వ వంతని మరవొద్దు. గుంటపడిన పైతలంతో అయితే నీళ్లు బయటికి జరిగినందువల్ల పూర్తి పాత్రకు 0.102.

ఓపెన్‌ఫోమ్ రెండు శాఖలుగా వస్తోందన్న సంగతి కూడా వ్యాసంలో రావాల్సింది. ఫౌండేషన్ వారి 11వ వెర్షన్ నుంచి సాల్వర్ల (లెక్క చేసే ప్రోగ్రాముల) పేర్లే మారి చాలావరకు ఫోమ్‌రన్ కిందికి వచ్చాయి. ఒక శాఖ ఉదాహరణ ఫైళ్లు తెచ్చి రెండో దాంట్లో వేస్తే సగం మాటలు దానికి అర్థం కావు.

కంప్యూటర్ లెక్కను చేతితో సరిచూసుకోవడం ఈ సమస్యలో ఉన్న పెద్ద సౌకర్యం. 20 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, చదునైన అడుగు ఉన్న గాజు లేదా అక్రిలిక్ పాత్ర, బేరింగ్ ఉన్న తిరిగే పీట, 12 వోల్టుల గేర్ మోటార్ కావాలి. మూడు కిలోలకు పైగా బరువును రెండు మూడు సెకన్లలో 60 చుట్లకు తేలేని మోటారైతే లెక్క కలవదు. పీటను రసమట్టంతో సరిచేయాలి, వాలు ఉంటే చుట్టుకో అల లేస్తుంది. పాత్రకు ఓ రంగు కాగితం అంటించి నిమిషానికి చుట్లు లెక్కపెట్టండి, మోటార్ మీద రాసిన అంకెను నమ్మకండి. నీళ్లు పోసి అరగంట కదపకుండా వదిలేయాలి. పైన థర్మాకోల్ పూసలు చల్లి, అడుగున మధ్యకు కాస్త పక్కగా ఒక పొటాషియం పర్మాంగనేట్ పలుకు వేసి, పైనుంచి ఫోన్‌తో వీడియో తీస్తూ మోటార్ వేయండి. మధ్యలోని పూసలు ఉన్నచోటే ఉంటాయి. వాటి కిందే, అడుగును అంటుకుని, ఊదా చార సన్నగా వంపు తిరిగి బయటికి పాకుతుంది. పూసలు ఒక్కో వలయంగా తిరగడం మొదలెట్టిన సమయాలను 6.4, 4.1, 2.6తో పోల్చుకోండి. థర్మామీటర్ మాత్రం తప్పనిసరి. మన వైపు నీళ్లు చాలా నెలలు 30 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఆ వేడికి స్నిగ్ధత ఐదో వంతు తగ్గి, 40 సెకన్లు 45 అవుతాయి. సిమ్యులేషన్‌లో 20 డిగ్రీల విలువ ఉంచేసి ప్రయోగంతో కలవలేదని బాధపడితే ఎలా?

తిరిగే పాత్రను ఆపినప్పుడు ఏమవుతుందో చూడాలనుకునే వాళ్లకు ఒక హెచ్చరిక. వేగం పుంజుకునేటప్పుడు కోణీయ ద్రవ్యవేగం బయటికి పోయేకొద్దీ పెరుగుతుంది కాబట్టి గోడ పక్క ప్రవాహం నిలకడగా ఉంటుంది. ఆపినప్పుడు ఇది గోడ దగ్గర తలకిందులై అక్కడ సుడులు పుడతాయి. ఆ లెక్కకు వెడ్జ్ చాలదు, పూర్తి పాత్ర తీసుకోవాల్సిందే. అడుగున ప్రవాహం కూడా లోపలికి మళ్లుతుంది. కలిపిన టీలో ఆకు మధ్యకు చేరడానికి కారణం ఇదేనని ఐన్‌స్టీన్ 1926లో రాశాడు. 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌లోనూ, 2018లో పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన తిత్లీలోనూ నేలను రాసుకునే గాలి తుపాను కేంద్రం వైపు మళ్లడం ఈ ఘర్షణ చలవే. మన పిల్లలకు ఈ ప్రాజెక్టు ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి పనికొస్తుంది.

పాత్ర అడ్డంగా పడుకుని తిరిగితే, కాంక్రీట్ మిక్సర్ డ్రమ్ములాగ, పైన చెప్పినవి చాలావరకు వర్తించవు. అక్కడ తిరిగే ఫ్రేమ్‌లోంచి చూస్తే గురుత్వమే చుట్టూ తిరుగుతుంది. స్థిరమైన గురుత్వం ఇచ్చి ఫ్రేమ్ తిప్పితే జవాబు మొదటికే మోసం.

మీ విద్యా పేజీలో ఆ వ్యాసానికి తరువాయి వేస్తే 40 సెకన్ల లెక్కకు చోటివ్వాలని కోరుతున్నాం. వైవా తీసుకునే అధ్యాపకులు కూడా రంగుల బొమ్మలు చూసి మార్కులు వేసే ముందు అడుగున మొదటి సెల్ ఎంత, మొదట్లో నీటి వేగం ఏ ఫ్రేమ్‌లో ఇచ్చావు, 80వ సెకనుకు కదలని భాగం ఎంత మిగిలింది అని అడగాలి.

ఇట్లు,
మెకానికల్ ఇంజనీరింగ్ అధ్యాపకులు కొందరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.